మన సీమలో అలెగ్జాండర్ పేరు

మాసిడోనియా రాజు అలెగ్జాండర్ క్రీ.పూ. 326లో పంజాబులోని బియాస్ నది దగ్గర ఆగిపోయాడు. ఎనిమిదేళ్లుగా ఇల్లూ వాకిలీ వదిలి యుద్ధాలు చేస్తూ వచ్చిన సైనికులు ఇక అడుగు ముందుకు వెయ్యమని భీష్మించుకున్నారు. చేసేది లేక వెనక్కి మళ్లాడు. గంగ చూడలేదు, వింధ్య దాటలేదు, కృష్ణకూ పెన్నకూ దరిదాపుల్లోకి కూడా రాలేదు. మూడేళ్లు తిరిగేసరికి బాబిలోనులో, ముప్పైమూడేళ్లు నిండకుండానే కన్నుమూశాడు.

మనిషి రాలేదు గానీ, ఆయన పేరు మాత్రం మన అనంతపురం సీమకు వచ్చింది. అదీ ఒక్కసారి కాదు. ఒకసారి అశోకుడి రాళ్ల మీద, ఇంకోసారి పారసీ మాట్లాడే సుల్తానుల వెంట, మరోసారి ఈస్టిండియా కంపెనీ దొరల సంతకాల్లో వచ్చింది. వచ్చిన ప్రతిసారీ వేషం మార్చుకుని వచ్చింది కాబట్టి, అలికసుదర, సికందర్, అలెగ్జాండర్ అన్నవి మూడూ ఒకటే పేరని చాలామందికి తట్టదు. కంబదూరు బడిలో చదివే పిల్లవాణ్ణి అలెగ్జాండర్ ఎవరని అడిగితే టక్కున చెబుతాడు. సికింద్రాబాదు ఎక్కడుందంటే అదీ చెబుతాడు. ఆ రెండింట్లో ఉన్నది ఒకటే పేరని మాత్రం ఎవరో ఒకరు విడమరిచి చెప్పాలి. ఈ వ్యాసం అందుకే.

రేషన్ కార్డులో ఒక తీరుగా, ఆధార్‌లో ఇంకో తీరుగా, పట్టాదారు పాసుపుస్తకంలో మరో తీరుగా పేరు పడి మండల ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లకు ఈ సంగతి తొందరగానే అర్థమవుతుంది. రాసేవాడి చెవికి ఎంత వినబడితే, వాడి లిపిలో ఎంత ఇమిడితే, అంతే కాగితం మీదికి వస్తుంది. రెండువేల మూడువందల ఏళ్లుగా ఈ గ్రీకు పేరుకు జరిగింది అదే.

ముందు పేరు పుట్టుక చూద్దాం. గ్రీకులో అది అలెక్సాండ్రోస్. కాపాడటం అనే క్రియకు, మగవాడు, మనిషి అనే మాట చేరి పుట్టిన సమాసం. జనాన్ని కాచేవాడని అర్థం చెప్పుకోవచ్చు. మహావీరుడిగా పేరుపడ్డ అలెగ్జాండర్ వల్లే ఈ పేరు పుట్టిందని అనుకుంటాం గానీ, ఆయన పుట్టేనాటికే అది పాతపడ్డ పేరు. మాసిడోనియా రాజుల్లోనే ఆయన మూడో అలెగ్జాండర్. మొదటివాడు క్రీ.పూ. 5వ శతాబ్దంలో, పారసీకులు గ్రీసు మీదికి దండెత్తిన రోజుల్లో రాజ్యం చేశాడు. హోమరు కావ్యం ‘ఇలియడ్’లో హెలెన్‌ను ఎత్తుకుపోయిన ట్రాయ్ రాకుమారుడు పారిస్‌కు కూడా అలెక్సాండ్రోస్ అనే రెండో పేరుంది.

అంతకంటే వెనక్కి వెళ్తే, ఇప్పటి టర్కీలో రాజ్యమేలిన హిట్టైట్ల మట్టిపలకలు దొరికాయి. సుమారు క్రీ.పూ. 1280లో హిట్టైట్ రాజు ముവതల్లి, విలూసా అనే పట్టణపు రాజు అలక్సందుతో చేసుకున్న ఒడంబడిక వాటిలో ఉంది. ఆ విలూసా ట్రాయ్ నగరమేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. దాదాపు అదే కాలానికి గ్రీసులోని మైసీనిలో దొరికిన ఒక పలక మీద ఈ పేరే ఆడరూపంలో ఉంది. రాజుల ఒప్పందాలతో, యుద్ధాలతో నిమిత్తం లేని ఒక జాబితాలో ఎవరో ఒక స్త్రీ పేరు అది. పలక మీద అక్షరాలు ఇలా నడుస్తాయి: అ-రె-క-స-ద-ర.

ఈ ఆరు అక్షరాలను కాస్త గుర్తుంచుకోండి. ఆ లిపిలో ఒత్తులు లేవు. రెండు హల్లులు కలిసి వస్తే విడదీసి, మధ్యలో అచ్చు పెట్టి రాయాల్సిందే. వెయ్యేళ్లు గడిచాక, వేల మైళ్ల దూరంలో, మైసీని పేరు కూడా ఎరగని అశోకుడి లేఖరులు అదే పేరును ప్రాకృతంలో రాయాల్సివచ్చినప్పుడు వాళ్లూ ఇంచుమించు ఇదే పని చేశారు. వాళ్లు రాసింది: అ-లి-క-సు-ద-ర.

అశోకుడి శాసనాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఏదంటే నేను పదమూడో పెద్ద శాసనమే అంటాను. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు కళింగను జయించానని, లక్షన్నర మందిని చెరపట్టి తీసుకుపోయారని, లక్షమంది అక్కడే చచ్చారని, దానికి తనకు పశ్చాత్తాపం కలిగిందని ఒక చక్రవర్తి రాయి మీద చెక్కించుకున్న శాసనం అది. కత్తితో గెలిచే గెలుపు కంటే ధర్మంతో గెలిచే గెలుపే మేలంటూ, ఆ ధర్మవిజయం ఎక్కడెక్కడికి చేరిందో అందులో లెక్క చెబుతాడు. ఆరువందల యోజనాల దూరాన ఉన్న యవన (గ్రీకు) రాజు అంతియోకుడి దగ్గర, అతనికి అవతల ఉన్న నలుగురు రాజులు తురమాయుడు, అంతికిని, మక, అలికసుదరుల దగ్గర అది నెగ్గిందంటాడు. దక్షిణాన చోళులు, పాండ్యులు, తామ్రపర్ణి దాకా వచ్చిందంటాడు. తన ఏలుబడిలోని జాతుల పేర్లు చెబుతూ ఆంధ్రుల పేరు కూడా చెబుతాడు. మన జాతి పేరు, ఆ గ్రీకు పేరు ఒకే శాసనంలో, కొద్ది మాటల ఎడంలో ఉన్నాయన్నమాట.

ఈ శాసనం ఎక్కడో ఉత్తరదేశంలో మాత్రమే ఉందనుకోవద్దు. అశోకుడి పద్నాలుగు పెద్ద శాసనాలూ చెక్కిన చోట్లలో ఒకటి ఎర్రగుడి. గుత్తి నుంచి పత్తికొండకు పోయే దారిలో ఉంది. జిల్లా కర్నూలే అయినా, గుత్తివాళ్లకు అది పక్క ఊరు. కంబదూరు నుంచి కళ్యాణదుర్గం, అనంతపురం, గుత్తి మీదుగా ఒక్క పూట ప్రయాణం. 1929లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త కంటబడేదాకా ఆ బండల మీద ఏముందో లోకానికి తెలియదు. గొర్రెలు, మేకలు తోలుకుపోయేవాళ్లు ఆ గీతలను చూసే ఉంటారు. చదవడానికి ఆ లిపి వచ్చినవాళ్లే లేకపోయారు. అక్కడి చిన్న శాసనంలో ఒక వింత కూడా ఉంది. కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి నడిస్తే, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. రెండువేల రెండువందల ఏళ్ల ఎండావానలకు ఎర్రగుడి రాతలు అక్కడక్కడా దెబ్బతిన్నాయి. పదమూడో శాసనంలోని పేర్లను పండితులు ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న షాబాజ్‌గఢీ ప్రతితోను, డెహ్రాడూన్ దగ్గరి కాల్సీ ప్రతితోను సరిచూసుకుంటారు. షాబాజ్‌గఢీలో ‘అలికసుదరో’ అని ఉంది. కాల్సీలో ‘అలిక్యసుదలే’ అని ఉంది. మగధ యాసలో ‘ర’ పలకాల్సిన చోట ‘ల’ పలుకుతుంది కాబట్టి అక్కడ ఆ తేడా.

ఈ అలికసుదరుడు ఎవరు? పంజాబు దాకా వచ్చిన అలెగ్జాండర్ మాత్రం కాదు. అశోకుడి నాటికి ఆయన పోయి అరవై ఏళ్లు దాటింది. అదే పేరు పెట్టుకున్న తరవాతి తరం రాజు. గ్రీసు పడమటి వైపున్న ఎపిరస్ రాజ్యానికి క్రీ.పూ. 272 నుంచి 255 ప్రాంతం దాకా రాజైన అలెగ్జాండర్ అని కొందరంటారు. క్రీ.పూ. 252 ప్రాంతంలో కొరింతును చేజిక్కించుకుని రాజునని ప్రకటించుకున్న అలెగ్జాండర్ అని మరికొందరంటారు. నాకు ఎపిరస్ వాదమే బలంగా కనిపిస్తుంది. కొరింతు అలెగ్జాండర్ మాసిడోనియా రాజు అంతిగొనస్‌కు బంధువు, ఆయన కింద పనిచేస్తూ ఆయన మీదే తిరగబడ్డవాడు. ఆ అంతిగొనసే శాసనంలోని అంతికిని. ఒక రాజునూ ఆయన మీద తిరగబడ్డవాణ్ణీ పాటలీపుత్రం నుంచి చూసే చక్రవర్తి సమానంగా ఒకే వరుసలో చెప్పడం కాస్త కష్టం. పైగా ఎపిరస్ రాజవంశమంటే చిన్నది కాదు. మహావీరుడు అలెగ్జాండర్ తల్లి ఒలింపియాస్ పుట్టిల్లు అదే.

ఈ తర్కమంతా పండితుల కాలక్షేపం కాదు. భారతదేశ చరిత్రకు తేదీలు దొరికిందే ఇక్కడ. మన పాత శాసనాల్లో ఫలానా రాజు పట్టాభిషేకమైన ఇన్నో ఏడు అని ఉంటుందే తప్ప, ఆ ఏడు ఏ శకంలో ఎన్నోదో ఉండదు. కంబదూరు మల్లికార్జునస్వామి గుడి లాంటి పాత గుళ్ల కాలం తేల్చాలన్నా, ఇంకోచోట తెలిసిన ఒక తేదీని పట్టుకుని లెక్క కట్టుకుంటూ రావాలి. అశోకుడికి ఆ పట్టు ఇచ్చింది ఈ ఐదుగురు యవనులు. సిరియా రాజు అంతియోకస్, ఈజిప్టు రాజు టాలమీ ఇద్దరూ పోయింది క్రీ.పూ. 246లో. అంతిగొనస్ పోయింది 239లో. మక అంటే ఇప్పటి లిబియాలో ఉన్న కురేనీ పట్టణపు రాజు మాగస్. ఆయన పోయింది 250 ప్రాంతంలో. వీళ్లందరూ ఒకే సమయంలో గద్దెల మీద ఉండాలంటే శాసనం క్రీ.పూ. 255 అటూఇటూగా చెక్కి ఉండాలి. దాన్నుంచి వెనక్కి లెక్కవేస్తే అశోకుడి పట్టాభిషేకం క్రీ.పూ. 270, 268 మధ్య తేలుతుంది. 1830ల చివర్లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని విప్పి చదివినప్పుడు, అందులో గ్రీకు రాజుల పేర్లు బయటపడటం వల్లే ఈ లెక్క సాధ్యమైంది. బడి పుస్తకంలో అశోకుడి పక్కన వేసే అంకెల వెనక అలికసుదరుడి వాటా కూడా ఉంది.

మనకు ఇంకా దగ్గరలో, రాయదుర్గం అవతల కర్ణాటకలోని మొలకాల్మూరు తాలూకాలో బ్రహ్మగిరి, సిద్ధాపురం, జటింగ రామేశ్వరం అనే మూడు చోట్ల అశోకుడి చిన్న శాసనాలున్నాయి. వీటిలో గ్రీకు పేర్లు లేవు. సువర్ణగిరిలో ఉన్న రాకుమారుడు, మహామాత్రులు ఇసిల పట్టణంలోని మహామాత్రులకు పంపిన ఆజ్ఞ అది. ఆ సువర్ణగిరి ఎర్రగుడికి దగ్గరున్న జొన్నగిరి అని చాలామంది చరిత్రకారుల నమ్మకం. ఇసిల బ్రహ్మగిరి దగ్గరిదే. శాసనం చివర లేఖరి తన పేరు చపడ అని పెట్టుకున్నాడు. లేఖరి అనే మాట మాత్రం బ్రాహ్మీలో కాకుండా ఖరోష్ఠీ లిపిలో రాశాడు. ఖరోష్ఠీ కుడి నుంచి ఎడమకు రాసే గాంధార దేశపు లిపి, అంటే అలెగ్జాండర్ సేనలు నడిచిన నేల లిపి. ఆ దేశపు చదువు చదివిన ఉద్యోగి మన కొండల మధ్యకు బదిలీ మీద వచ్చి పనిచేసి ఉండాలి. గ్రీకు రాజుల పేర్లు ఇంత దూరం ఎలా వచ్చాయో అర్థం చేసుకోవడానికి ఈ చపడ ఒక్కడు చాలు.

ఇక రెండో రాక. అరబ్బులు అలెక్సాండ్రోస్ అనే పేరు విన్నప్పుడు మొదట్లోని ‘అల్’ తమ భాషలో నామవాచకాలకు ముందు చేరే ‘అల్’ అనుకున్నారు. దాన్ని తీసి పక్కన పెట్టారు. మిగిలిన దాంట్లో ‘క్స’ కాస్తా తిరగబడి ‘స్క’ అయింది. అలా ఇస్కందర్ వచ్చింది. పారసీలో ముందున్న ‘ఇ’ జారిపోయి సికందర్ అయింది. ఈజిప్టులో అలెగ్జాండర్ క్రీ.పూ. 331లో పునాది వేసిన అలెగ్జాండ్రియా నగరం ఇప్పటికీ అరబ్బుల నోట ఇస్కందరియా.

పారసీకులకు ఆయన మొదట శత్రువు. క్రీ.పూ. 330లో వాళ్ల రాజధాని పెర్సెపోలిస్ ఆయన చేతిలోనే తగలబడింది. పాత జొరాస్ట్రియన్ గ్రంథాలు ఆయనను శాపగ్రస్తుడనే తిడతాయి. తరవాతి శతాబ్దాల్లో కథ మారిపోయింది. ఫిర్దౌసి ‘షానామా’లో సికందర్ పారసీక రాజు కొడుకే. నిజామీ ఆయన మీద ప్రత్యేకంగా ‘సికందర్‌నామా’ రాశాడు. ఖురాన్‌లో వచ్చే జుల్‌కర్నైన్ కూడా ఈయనేనని చాలామంది వ్యాఖ్యాతలు భావించారు. ఊళ్లు తగలబెట్టినవాడు తరతరాల కవుల చేతిలో జ్ఞాని, న్యాయమూర్తి అయిపోయాడు. అప్పుడు గానీ ముస్లిం కుటుంబాలు కొడుకులకు ఆ పేరు పెట్టుకోలేదు. ఇవాళ రాయలసీమలో సికందర్ బాషా అని కొడుకును పిలుచుకునే తల్లి నోట పలుకుతున్నది కవులు కడిగి శుభ్రం చేసిన ఆ పేరే.

రాజులకైతే ఆ పేరు మీద మోజు మరీ ఎక్కువ. ఢిల్లీ సుల్తాను అలాఉద్దీన్ ఖిల్జీ తనను రెండో సికందర్‌గా నాణేల మీద ముద్రించుకున్నాడు. ఆయన సేనాని మాలిక్ కాఫూర్ 1310లో ఓరుగల్లును లొంగదీసుకుని ప్రతాపరుద్రుడి ధనాగారం ఊడ్చుకుపోయాడు. బీజాపూరు సుల్తానుల్లో ఆఖరివాడు సికందర్ ఆదిల్‌షా. పిల్లవాడిగా గద్దెనెక్కి, 1686లో ఔరంగజేబుకు కోట అప్పగించాడు. పేరు ఎంత గొప్పదైనా కోట నిలవలేదు.

మనకు బాగా తెలిసిన సికందర్ హైదరాబాదు మూడో నిజాం సికందర్ జా. ఏలుబడి 1803 నుంచి 1829 వరకు. హుస్సేన్‌సాగర్ అవతల ఇంగ్లీషు సైన్యం డేరాలు వేసుకున్న చోటుకు 1806లో ఆయన పేరు మీదే సికందరాబాద్ అని పేరు పెట్టారు. అంటే ఆ ఊరు అలెగ్జాండర్ కట్టింది కాదు, ఆయన గుర్తుగా కట్టిందీ కాదు. ఆయన పేరున్న నిజాం పేరు మీద వెలిసింది. తెలుగు నోటికి ‘సికంద’ కంటే ‘సికింద’ సుళువు. ముందున్న ‘ఇ’ తరవాతి అక్షరాన్ని కూడా తన వైపు లాక్కుంటుంది. చివర రకారం ఒత్తుగా దిగింది. అలా సికింద్రాబాదు మన సొంత మాట అయిపోయింది. 1874లో వాడి జంక్షన్ నుంచి రైలు వచ్చాక ఆ మాట టికెట్ల మీద ఊరూరికీ చేరింది.

మూడో రాకకు ముందు 1800 సంవత్సరం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. సికందర్ జా తండ్రి నిజాం అలీ ఖాన్ మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను సైన్యం ఖర్చు కింద కంపెనీకి రాసిచ్చేశాడు. అందుకే మన సీమను చాలాకాలం దత్తమండలాలన్నారు. 1928లో నంద్యాలలో చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ అనే పేరు ప్రతిపాదించేదాకా ‘ఇచ్చేసిన నేల’ అన్న ఆ పేరే మోశాం. ఒక ప్రాంతానికి అంతకంటే అవమానకరమైన పేరు ఉంటుందా?

ఆ దత్తమండలాలకు 1800లో కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. అనంతపురంలో మకాం పెట్టి ఏడేళ్లు పనిచేశాడు. పొలం పొలంగా కొలిపించి, మధ్యలో జమీందారు లేకుండా రైతుతోనే నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే రైత్వారీ పద్ధతిని ఇక్కడ నాటాడు. ఈ పని ఆయన నేర్చుకున్నది టిప్పు నుంచి 1792లో కంపెనీకి దక్కిన బారామహల్ ప్రాంతంలో, అక్కడి అధికారి దగ్గర. ఆ అధికారి పేరు అలెగ్జాండర్ రీడ్. ఇవాళ కంబదూరులో నాలుగెకరాల చెనక్కాయ చేను ఉన్న రైతు పేరు మీద నేరుగా పట్టా ఉందంటే, దాని మొదలు వెతుక్కుంటూ పోతే ఆయన దగ్గర తేలుతాం.

కంపెనీ కొలువులో అలెగ్జాండర్లు ఎందుకంత మంది అన్న అనుమానం రావచ్చు. కంపెనీ ఉద్యోగాలకు స్కాట్లండు నుంచి పెద్ద సంఖ్యలో వచ్చేవారు. స్కాట్లండుకు 1107 నుంచి 1286 లోపల ముగ్గురు అలెగ్జాండర్లు రాజులయ్యారు. దాంతో అక్కడ ఇంటింటా ఆ పేరు పాతుకుపోయింది. మాసిడోనియా రాజు మీద భక్తి కన్నా సొంత రాజుల మీది అభిమానమే దానికి కారణం.

ఆ కంపెనీ అలెగ్జాండర్లలో మనం మరిచిపోకూడనివాడు అలెగ్జాండర్ డంకన్ క్యాంప్‌బెల్. సి.పి. బ్రౌను కడపకు రాకముందే, 1816లో మద్రాసులో ఈయన తెలుగు వ్యాకరణం అచ్చయింది. 1821లో తెలుగు నిఘంటువు వచ్చింది. ఆ వ్యాకరణానికి ముందు కంపెనీ ఉద్యోగి ఎల్లిస్ దొర రాసిన ఒక పరిచయం ఉంది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, దానికి తమిళ కన్నడాలతో మూలంలోనే చుట్టరికం ఉందని ధాతువులు చూపించి మొదటిసారి అచ్చులో నిరూపించింది అక్కడే. ద్రావిడ భాషల చుట్టరికం మీద కాల్డ్‌వెల్ పుస్తకం రావడానికి ఇంకా నలభై ఏళ్లుంది.

ఈ క్యాంప్‌బెల్ తరవాత బళ్లారి కలెక్టరు అయ్యాడు. అనంతపురం 1882లో వేరు జిల్లా అయ్యేదాకా బళ్లారిలో భాగమే కాబట్టి, మన కళ్యాణదుర్గం సీమకూ ఆయనే దొర. అప్పటికి గవర్నరైన మన్రో, మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా దేశీయ బడుల లెక్క తీయమన్నాడు. 1823 ఆగస్టులో క్యాంప్‌బెల్ పంపిన నివేదిక ఇప్పటికీ చదవదగ్గది. జిల్లా జనాభా 9,27,857. బడులు 533. వాటిలో చదివేవాళ్లు 6,641 మంది. అంటే నూటనలభై మందికి ఒక్కరు. కన్నడ బడులు 235, తెలుగువి 226, మరాఠీవి 23, పారసీవి 21, తమిళానివి 4, ఇంగ్లీషుది ఒక్కటంటే ఒక్కటి. బ్రాహ్మణులకు మాత్రమే నేర్పేవి మరో 23. కన్నడం, తెలుగు దాదాపు సమానంగా ఉండటం చూసి, కంబదూరు నుంచి పావగడ వైపు పోయివచ్చేవాళ్లు ఆశ్చర్యపోరు.

ఆ బడిలో ఉదయం ఎలా మొదలయ్యేదో కూడా ఆయన రాశాడు. అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో అయ్యవారు సరస్వతి అని రాస్తాడు. రెండోవాడి చేతిలో సున్న చుడతాడు. వాణ్ణి మెచ్చుకోవాల్సిందీ లేదు, తిట్టాల్సిందీ లేదన్నమాట. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. ఆ తరవాత వచ్చేకొద్దీ దెబ్బలు పెరుగుతాయి. పెద్ద తరగతి పిల్లలు చిన్నవాళ్లకు నేర్పే పద్ధతిని, ఇసుకలో వేలితో రాయిస్తూ ఖర్చు లేకుండా అక్షరాలు దిద్దించే తీరును ఆయన మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేనన్నాడు.

నివేదికలో అసలు మాట ఆ తరవాత ఉంది. బడులు తగ్గిపోతున్నాయి, దానికి కారణం జనం క్రమంగా పేదలైపోవడమే అని కలెక్టరు హోదాలో ఉండి రాశాడు. యూరోపు మిల్లు బట్టలు దిగి మన నేతగాళ్ల బతుకులు చితికిపోయాయన్నాడు. తిండికే లేనివాళ్లు అయ్యవారికి ఏమివ్వగలరని అడిగాడు. తన జీతమిచ్చే కంపెనీ వల్లే ఈ గతి పట్టిందని ఒప్పుకున్న అధికారులు ఆ రోజుల్లో ఎందరుంటారు? ఈ పేరు మోసినవాళ్లలో నాకు ఎక్కువ గౌరవం ఈయన మీదే. రాజ్యాలు గెలిచిన వాళ్లందరినీ కలిపినా ఈ నివేదికకు సరితూగరు.

నాలుగేళ్లు గడిచాక, 1827 జూలైలో మన్రో సీమకు వీడ్కోలు చెప్పడానికి వచ్చి పత్తికొండలో కలరాతో పోయాడు. తన గురువు అలెగ్జాండర్ రీడ్ పేరు పాత రూపంలో చెక్కిన శాసనం పత్తికొండ, గుత్తి మధ్య దారిలోనే ఉందని ఆయనకు తెలిసే వీలు లేదు. బ్రాహ్మీ చదవగలిగిన రోజులకు ఇంకా పదేళ్లు. ఎర్రగుడి బయటపడటానికి ఇంకా నూరేళ్లు. సీమ జనం మన్రో పేరును మాత్రం మన్రోలప్ప అని తమ బిడ్డలకు పెట్టుకున్నారు. రీడ్ పేరును ఎవరూ పెట్టుకోలేదు.

క్రైస్తవ కుటుంబాల్లో ఈ పేరు ఇంగ్లీషు రూపంలో వినిపించినా, తెలుగు బైబిలులో అది అలెక్సంద్రు. ఏసు సిలువను మోసిన సీమోను కొడుకుల్లో ఒకడి పేరు అది. ఆ సీమోనుది కురేనీ. అశోకుడి శాసనంలోని మక రాజ్యం చేసిన కురేనీయే. పురావస్తు తవ్వకాల్లోనూ ఈ పేరు తగులుతుంది: భట్టిప్రోలు స్తూపంలో 1892లో అస్థికల భరిణెలు తవ్వితీసి, తెలుగునేల మీద దొరికిన అతిపాత బ్రాహ్మీ రాతల్లో కొన్నిటిని వెలికితెచ్చినవాడు అలెగ్జాండర్ రే. సినిమాల్లో 1977 నాటి ‘చాణక్య చంద్రగుప్త’లో శివాజీ గణేశన్ అలెగ్జాండర్‌గా కనిపిస్తాడు. మన సీమ యాసను తెరకెక్కించిన జయప్రకాశ్ రెడ్డి వేదికల మీద ఒంటరిగా ఆడిన ఏకపాత్ర నాటకం పేరు ‘అలెగ్జాండర్’.

కంబదూరు, కళ్యాణదుర్గం బడుల్లో సాంఘికశాస్త్రం చెప్పే అయ్యవార్లకు, అమ్మవార్లకు నా విన్నపం ఒక్కటే. ఈసారి పిల్లలను విహారయాత్రకు తీసుకుపోయేటప్పుడు ఎర్రగుడిని లెక్కలో పెట్టుకోండి. ఎండ ముదరకముందే పోండి, ఆ బండల దగ్గర నీడ తక్కువ. పదమూడో శాసనం తెలుగు అనువాదం ఒకటి కాగితం మీద రాసుకుపోయి, అక్కడే నిలబెట్టి చదివించండి. ఆంధ్రుల పేరు, అలికసుదరుడి పేరు వచ్చిన చోట ఆగి, ఇంటికి పోయాక సికింద్రాబాదు గురించి ఏం చెప్పాలో వాళ్లనే ఆలోచించుకోమనండి. అక్షరాల మీద సుద్దముక్కతో గీయనివ్వకండి, నీళ్లు పోయనివ్వకండి.